చచ్చిన మట్టి కోసం మూడు జిల్లాలు

నా పదవీ విరమణకు ముందటి వేసవిలో, ఏప్రిల్ మొదటి వారంలో, ప్రధాన కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను మహబూబాబాద్‌లో భూగర్భ జలాల జిల్లా అధికారిని. జనగామ, భూపాలపల్లి జిల్లాల అదనపు బాధ్యత కూడా నా మీదే ఉండేది. బావుల్లో నీటిమట్టం కొలవడం, బోరు వేయదగిన చోటు చెప్పడం, నీటి నమూనాలు ప్రయోగశాలకు పంపడం మా పని. ఆ ఉత్తర్వులో మాత్రం నీళ్ళ మాటే లేదు. ఇతర గ్రహాల మీద జీవం ఉందో లేదో పరీక్షించే పరికరాన్ని తయారుచేస్తున్న ఒక పరిశోధకుడు వస్తున్నాడని, మా మూడు జిల్లాల్లో జీవం ఏమాత్రం లేని మట్టి ఎక్కడుందో ఆయనకు చూపించి, నమూనా తీయించి పంపాలని దాని సారాంశం.

జీవితమంతా నీళ్ళున్న చోటు వెతికినదాన్ని. ఏమీ లేని చోటు వెతికి పెట్టమని నన్ను అడిగినవాళ్ళు అంతకుముందు లేరు.

ఆ ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పే వేళ ఈ సంగతి సంఘం ముందు పెట్టాను. నేను పుట్టింది, పెరిగింది క్రైస్తవ కుటుంబంలో. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పడం ఉద్యోగం కంటే ముందు మొదలుపెట్టాను. మా సంఘ పెద్ద ఒకాయన లేచి, వేరే లోకాల్లో జీవం ఉందా అని వెతకడం విశ్వాసికి తగునా అని అడిగాడు. సృష్టికర్త ఎక్కడ ఏం చేశాడో లెక్క అడిగే హక్కు మనకు లేదని, చూడమని కళ్ళిచ్చాడు కాబట్టి చూస్తే తప్పు లేదని చెప్పాను. పైగా నన్ను పంపుతున్నది జీవం ఉన్న చోటికి కాదు, లేని చోటికి. దాంతో పాస్టరు గారు నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, సహోదరికి చచ్చిన మట్టి దొరికేలా చెయ్యి" అని ప్రార్థించారు. సంఘమంతా గట్టిగా ఆమెన్ అంది. ఆ మనవికి ఆమెన్ అన్న సంఘం భూమ్మీద మాదొక్కటే అయి ఉంటుందని ఇంటికొచ్చేదాకా నవ్వుకున్నాను.

సోమవారం పరిశోధకుడు దిగాడు. పేరు కార్తీక్. గుంటూరు వైపు మనిషి, ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. జీపులో తన సీటు పరికరానికి ఇచ్చి, తాను వెనక గడ్డపారల మధ్య కూర్చున్నాడు.

ఆ పరికరం బియ్యం డబ్బా అంత పెట్టె. లోపల రెండు గదులుంటాయి. ఒక గదిలో మట్టిని తెచ్చింది తెచ్చినట్టు వేస్తారు. రెండో గదిలో అదే మట్టిని బాగా కాల్చి వేస్తారు. తర్వాత రెండింటికీ చక్కెర కలిసిన పోషక ద్రవం ఒక్కో చుక్క పెడతారు. మట్టిలో ఎంత చిన్న ప్రాణి ఉన్నా ఆ తిండి తిని వాయువు వదులుతుంది. అంటే ఊపిరి తీస్తుంది. పచ్చి మట్టి ఊపిరి తీసి కాల్చిన మట్టి తీయకపోతే జీవం ఉన్నట్టు. రెండూ తీస్తే అది ఏదో రసాయన చర్య. రెండూ తీయకపోతే ఏమీ లేనట్టు. మాకు పాతికేళ్ళుగా గుంతలు తవ్వుతున్న లచ్చయ్య ఇదంతా విని, "అయితే గిది మట్టికి అన్నం పెట్టే డబ్బా" అన్నాడు. ఆ పేరే ఖాయమైంది.

కార్తీక్ చిక్కు ఏమిటంటే, ఆ డబ్బా తన ప్రయోగశాలలో తప్ప ఎక్కడా 'లేదు' అనలేదు. పరికరాలను ఎంపిక చేసే కమిటీ అతన్ని అదే అడిగింది. గాలి, దుమ్ము, మనుషులు ఉన్న బయటి నేల మీద మీ డబ్బా ఒక్కసారి 'లేదు' అని చూపించండి, అప్పుడు వేరే గ్రహం మీద అది 'ఉంది' అంటే నమ్ముతాం అంది. ఈ రంగంలో పెద్ద భయం జీవం దొరకకపోవడం కాదట. మనం మోసుకెళ్ళిన జీవమే మనకు దొరకడమట. నెలాఖరుకు ఆ ఫలితం చూపించకపోతే పరికరం జాబితాలోంచి పోతుంది. అతని యవ్వనంలో సగం ఆ డబ్బాలోనే ఉంది. చెప్పేటప్పుడు మూత మీద చెయ్యి తీయలేదు.

నమూనా తీసే పద్ధతి కఠినమైనది. లచ్చయ్య గడ్డపారతో మోచేతి లోతు గుంత తవ్వుతాడు. తర్వాత తెల్ల సూటు, తొడుగులు, మాస్కు వేసుకున్న కార్తీక్ మంటలో కాల్చిన చెంచాతో గుంత అడుగు నుంచి మట్టి తీసి గాజు సీసాలో మూసేస్తాడు. ఇది కాక నా పద్ధతి ఒకటుంది. ఏ చోటైనా మొదటి దెబ్బ పడే ముందు నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాను. నా ప్రార్థనలు పొడుగని సంఘంలో పేరు. కార్తీక్ మొదటి రోజే, "మీ పద్ధతి మీది మేడం, నేనూ తల వంచుతాను" అని మర్యాదగా కళ్ళు మూసుకున్నాడు.

మొదట దేవరుప్పుల దగ్గర ఒక చౌడు చెలకకు తీసుకుపోయాను. ఉప్పు తేలి తెల్లగా మెరుస్తున్న నేల, గడ్డిపోచ లేదు. భూమి సోమవ్వ అనే ముసలామెది. మేం వచ్చిన పని చెప్పగానే నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నా భూమి సచ్చిందని ఎవడు సెప్పిండు?"

"ఎవరూ చెప్పలే అవ్వ. చూసి పోతమని వచ్చినం."

"మా మరిది సెప్పిండా? సచ్చిన భూమి, అమ్మెయ్యి అమ్మెయ్యి అని వాడే నా పానం తింటుండు."

ఆమెను ఒప్పించి తవ్వాం. డబ్బాకు తిండి పెట్టి చింతచెట్టు నీడలో కూర్చున్నాం. తెర మీద గీత నిదానంగా, మర్యాదగా పైకి లేచింది. ఉంది. ఉంటుందని నేను సగం అనుకున్నదే, ఉప్పులో కూడా బతికే సూక్ష్మజీవులున్నాయి. సోమవ్వ మాత్రం ఆ గీతను చూసి చప్పట్లు కొట్టింది. వెంటనే మరిదికి ఫోను కలపమని పట్టుబట్టి, ఫోను కార్తీక్ చెవికి ఆనించింది.

"సెప్పు బిడ్డ. భూమి ఊపిరి తీస్తుందని సెప్పు."

"అవునండీ, తీస్తోందండీ," అన్నాడు కార్తీక్, ఆయన ముఖం ఎన్నడూ చూడకుండానే.

రెండోది కొత్తగూడ అడవిలో ఒక గుట్ట. అక్కడ చూరులాగా ముందుకొచ్చిన బండ కింద ఒక మూల ఉంది. వాన చుక్క ఎన్నడూ పడని ఆ మూలలో నేల సున్నంలా తెల్లటి పొడి. వేరు లేదు, చీమ లేదు. ఇదే అనుకున్నాం. ఎప్పటిలాగే ప్రార్థన చేశాను, లచ్చయ్య తవ్వాడు, కార్తీక్ సీసా నింపాడు. డబ్బాలో తిండి చుక్క పడ్డ కాసేపటికే గీత గుట్ట ఎక్కినట్టు ఎక్కింది. కాల్చిన గది గీత పడుకునే ఉంది.

కార్తీక్ సూటులోనే గంతులేశాడు. "మేడం, పొలం మట్టి కంటే గట్టిగా తీస్తోంది ఊపిరి. ఈ ఎండు పొడిలో ఇంత బలమైనది ఏముందండీ?" నేను హల్లెలూయ అన్నాను. దాచడమెందుకు, నేనూ గంతేశాను. జీవం పుట్టించినవాడు ఎండు బూడిదను కూడా వదల్లేదని నా గుండె గాల్లో తేలిపోయింది. ఆ ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి, కొత్తగూడ గుట్ట కింద ఎవరికీ తెలియని జీవి దొరికిందని చెప్పేశాను. సంఘం చప్పట్లతో మారుమోగింది. మొదట ప్రశ్న అడిగిన పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు.

కార్తీక్ సంబరం భూపాలపల్లి పక్కనున్న ఘనపూర్ చేరేసరికి చల్లబడింది. తనకు కావలసింది 'లేదు', దొరుకుతున్నది 'ఉంది'. నమూనాలో కొంత ప్రయోగశాలకు పంపాడు కానీ జవాబు రావడానికి వారాలు పడుతుంది. మేం ఘనపూర్‌లో ఒక విడిది గదిలో దిగాం. మా చివరి ఆశ భూపాలపల్లి.

అక్కడి ఓపెన్ కాస్ట్ గనుల్లో బొగ్గు మీదున్న మట్టినీ రాళ్ళనూ తవ్వి పక్కన కొండల్లా పోస్తారు. ఆ కొండల్ని డంపులంటారు. అందులో మిగిలిన బొగ్గు ముక్కలు గాలి తగిలి వాటంతటవే అంటుకుని నెలల తరబడి లోలోపల కాలుతుంటాయి. అలా కాలిన మట్టి ఇటుక రంగులోకి మారుతుంది. కాలి, ఈ మధ్యే చల్లారిన ఒక చోటికి అనుమతి తీసుకుని వెళ్ళాం. తవ్వాం. డబ్బాలో వేశాం. గీత కొత్తగూడను మించి లేచింది.

కార్తీక్ తల పట్టుకున్నాడు. దేవరుప్పుల పొలంలో కొంచెం, గుట్ట కింద పొడిలో ఎక్కువ, కాలిన మట్టిలో ఇంకా ఎక్కువ. మట్టి ఎంత చచ్చినదైతే అంత గట్టిగా ఊపిరి తీస్తోంది. "ఇలాంటి జీవి ఉంటే నాకు పెద్ద బహుమతి రావాలి మేడం. లేదా నా డబ్బా ప్రతిదానికీ ఉందనే అబద్ధాలకోరై ఉండాలి. రెండోదే అనిపిస్తోంది." కమిటీ పెట్టిన గడువు దగ్గరికొచ్చింది. ఒక్క ప్రయత్నం మిగిలింది. అదే డంపు పైభాగంలో ఇంకా కాలుతున్న చోటు.

మర్నాడు పొద్దున్నే ఎక్కాం. గని భద్రతాధికారి మాకు హెల్మెట్లు, మందం బూట్లు ఇచ్చి, ముందే పేర్లు రాయించుకున్న ముగ్గురికే అనుమతి అని, మధ్యాహ్నం లోపు దిగిపోవాలని, ఒకే చోట ఎక్కువసేపు నిలబడవద్దని చెప్పాడు. నేల పగుళ్ళలోంచి పొగ వస్తోంది. ఉష్ణమాపకం గుచ్చితే లోపల ఏ ప్రాణీ నిలవలేనంత వేడి. లచ్చయ్య చోటు గీసుకుని నిలబడ్డాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

మా సంఘం వాళ్ళు ఎవరూ నమ్మరు కానీ ఆ రోజు నా ప్రార్థన మూడు మాటల్లో అయిపోయింది. బూటు అడుగులు కాలుతున్నాయి. "ప్రభువా, తోడుండు, ఆమెన్" అని కళ్ళు తెరిచాను.

ఎదురుగా సుయ్ మని పొగ లేచింది. పుల్లటి వాసన. లచ్చయ్య ప్లాస్టిక్ సీసా వంచి తాటికల్లు పోస్తున్నాడు, సరిగ్గా గుంత గీసిన చోట.

"ఏం చేస్తున్నవ్ లచ్చయ్య?"

"సాక పోస్తున్ననమ్మా."

సాక అంటే మా దగ్గర నేలతల్లికి పోసే కల్లు. తాగేముందు నాలుగు చుక్కలు వదులుతారు. కొందరు పని మొదలుపెట్టేటప్పుడూ పోస్తారు.

"ఎప్పటిసంది పోస్తున్నవ్?"

"గడ్డపార పట్టినప్పటిసంది. అడగకుంట తల్లి ఒంటి మీద గడ్డపార ఏస్తమా?"

"మొన్న కొత్తగూడల?"

"పోసిన."

"దేవరుప్పులల?"

"గాడ జరంత పోసిన. మంచి భూమి గద. కొత్తగూడ గుట్ట కింద భయమయింది, జర ఎక్కువ పోసిన. నిన్న గీ కాలిన నేల చూస్తె గుండె దడదడ కొట్టుకున్నది. సీస సగం ఒంపిన."

"మరి మాకెందుకు చెప్పలే?"

"మీరిద్దరు కండ్లు మూసుకొని మీ దేవునితోని మాట్లాడుతుంటిరి. నడుమల ఎట్ల మాట్లాడుత?"

కార్తీక్ నేల మీద కూలబడబోయి, వేడి తగిలి ఎగిరి లేచాడు. "మేడం, కల్లులో ఏముంటుందో తెలుసా?"

"నేను ముట్టను బాబూ."

"ఈస్టండీ. కల్లును పులియబెట్టే సూక్ష్మజీవి, బతికున్నది. దానికి మనం చక్కెర పెట్టాం." అని నవ్వడం మొదలుపెట్టాడు. హెల్మెట్ జారిపోయేదాకా నవ్వాడు. "నా డబ్బా అబద్ధం చెప్పలేదు మేడం. ఎంత పోస్తే అంత చెప్పింది. గుక్కల లెక్క కూడా సరిగ్గా చెప్పింది." నాకూ నవ్వు ఆగలేదు. గుట్ట కింది కొత్త జీవిని తలుచుకుంటే మరీ ఆగలేదు. మమ్మల్ని చూసి లచ్చయ్య, ఎందుకో తెలియకపోయినా, కాసేపు నవ్వాడు.

అసలు కష్టం అప్పుడు వచ్చింది. కల్లు పడిన చోటు పనికిరాదు. పక్కన వేరే చోట సాక పోయకుండా తవ్వాలి. లచ్చయ్య గడ్డపార భుజాన వేసుకుని, తవ్వను పొమ్మన్నాడు. గడ్డపార నాకిమ్మంటే ఇవ్వలేదు. కింద నుంచి ఇంకొకరిని పిలవడానికి అనుమతి లేదు. ఎండ ఎక్కుతోంది.

"తవ్వినాక పోయొచ్చు కదయ్యా," అన్నాడు కార్తీక్.

"ఇంట్ల చొచ్చినంక తలుపు కొడ్తరా సారూ?"

"పోనీ, కింద రోడ్డు కాడ పోసి రా," అన్నాను.

"గంత దూరం నుంచి తల్లికి అందుతదా?"

"నేను గీడ మెల్లగ మొక్కితే పైదాక పోతలేదా?"

"మీది గాలిల పోతదమ్మా. గిది కల్లు."

నాకు అతని మీద కోపం రాలేదు. పని ముందు పైవాణ్ణి అడగకుండా నేను మొదలుపెట్టను, అతను కింది తల్లిని అడగకుండా మొదలుపెట్టడు. ఆ వేడిలో అటూ ఇటూ కాళ్ళు మారుస్తూ నిలబడి ఉంటే, ఆదివారం బడిలో నేను ఏటేటా చెప్పే సంగతి ఒకటి గుర్తొచ్చింది. బైబిల్లో ఇల్లు వదిలి ఒంటరిగా పోతున్న ఒక మూలపురుషుడు దారిలో ఒక రాయి తలకింద పెట్టుకుని పడుకుంటాడు. పొద్దున లేచి ఆ రాయినే నిలబెట్టి దాని మీద నూనె పోసి దేవుణ్ణి తలుచుకుంటాడు. అంత నేల మీద అతను నూనె పోయలేదు. ఒక్క రాయి మీద పోశాడు. అది సరిపోయింది.

కాలిన ఎర్రరాయి ఒకటి కార్తీక్ పట్టకారుతో తీసి లచ్చయ్య ముందు పెట్టాను.

"ఇది గీ నేలదేనా కాదా?"

"గీ నేలదే."

"అయితే ఇది కూడ తల్లి ఒంట్లదే. దీన్ని కింద రోడ్డు కాడికి తీసుకపోదాం. దీని మీద పొయ్యి."

లచ్చయ్య గడ్డపార కొనతో రాయిని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. కార్తీక్ చేతి గడియారం చూసుకుంటున్నాడు. చివరికి, "గిట్ల ముందుగాల్నే సెప్తే గింత పరేషాన్ ఎందుకు?" అన్నాడు.

ముగ్గురం డంపు దిగి రోడ్డు దాకా పోయాం. లచ్చయ్య రాయిని నిలబెట్టి సీసాలో మిగిలిందంతా పోశాడు. నేను నా పొడుగు ప్రార్థన అక్కడే పూర్తిగా చేసుకున్నాను. కార్తీక్ ఈసారి ఒక కన్ను తెరిచే ఉంచానని తర్వాత చెప్పాడు. ముగ్గురం చేతులు సబ్బుతో కడుక్కుని, లచ్చయ్యకు కూడా తెల్ల సూటు తొడిగి మళ్ళీ ఎక్కాం. సూటులో అతను తన ఫొటో తీయించుకున్నాకే గడ్డపార ఎత్తాడు.

ఘనపూర్ గదిలో డబ్బా మంచం మీద పెట్టి ముగ్గురం కింద కూర్చున్నాం. తిండి చుక్క పడింది. రెండు గీతలూ నేల మీద పాముల్లా పడుకున్నాయి. టీ తాగాం. పడుకునే ఉన్నాయి. భోజనం తెప్పించుకున్నాం, ఎవరికీ సహించలేదు. పడుకునే ఉన్నాయి. పరీక్షకు పెట్టిన గడువు ముగిశాక తెర మీద ఫలితం వచ్చింది. కార్తీక్ గట్టిగా చదివాడు. "లేదు." మళ్ళీ చదివాడు. మూడోసారి చదువుతూ ఏడ్చాడు. నేను హల్లెలూయ అన్నాను. ఇద్దరం చేతులు పట్టుకుని గదిలో గుండ్రంగా తిరిగాం. అరవైకి దగ్గరపడిన మనిషిని, ఆ వయసులో అలా తిరగడం అదే మొదలు, అదే చివర.

"ఏం దొరికిందమ్మా?" అన్నాడు లచ్చయ్య.

"ఏం దొరకలే లచ్చయ్య."

"మరి ఎందుకు ఎగురుతున్రు?"

చెప్పడానికి ప్రయత్నించాం. ఇద్దరం ఒకేసారి మాట్లాడడంతో అతనికి అర్థం కాలేదు.

కార్తీక్ పరికరం జాబితాలో నిలిచింది. ఇంకా ఎగరలేదు, వంతు కోసం ఎదురుచూస్తోంది. ఆ తర్వాతి ఆదివారం నేను సాక్ష్యంలో లేచి, పోయిన వారం మీరంతా చప్పట్లు కొట్టింది తాటికల్లుకని చెప్పాను. కల్లు మానమని ఏడాది పొడుగునా బోధించే పాస్టరు గారు ముఖం దాచుకుని నవ్వారు. చచ్చిన మట్టి కోసం చేసిన ప్రార్థన ఫలించిందని కూడా చెప్పాను. దానికి ఇంకా గట్టిగా చప్పట్లు పడ్డాయి.

ఈ పని నాకు నేర్పింది రెండు సంగతులు. అన్నిటికీ ఔననే సాక్షి సాక్ష్యానికి విలువ లేదు. కాదని ఒక్కసారైనా చెప్పగలిగినవాడి ఔను మాత్రమే లెక్కకు వస్తుంది. సంఘంలో సాక్ష్యాలు వినేటప్పుడు కూడా నేను ఇప్పుడు ఇదే చూస్తాను. రెండోది, నమూనా తీసే ముందు మట్టిని మాత్రమే కాదు, దాని చుట్టూ నిలబడ్డవాళ్ళను కూడా చూడాలి. అందుకు కళ్ళు తెరిచి ఉండాలి. మిగిలిన కొద్ది నెలల ఉద్యోగంలో నేను ప్రార్థన జీపు దగ్గరే ముగించుకుని, ఆ తర్వాతే నమూనా చోటికి నడిచాను.

ఆ పరికరం వాడే పద్ధతిలో కార్తీక్ ఒక నియమం చేర్చాడు. మొక్కులు ఏవైనా ఉంటే నమూనా చోటుకు దూరంగా, ఒక రాయి మీద జరుపుకోవాలి. డబ్బా ఏ గ్రహానికి వెళ్ళినా ఆ నియమం దానితోనే వెళ్తుంది. అక్కడ మనకంటే ముందే ఎవరైనా నేలను అడిగి సాక పోసి ఉంటే, డబ్బా చెబుతుంది.